నేల లోపలి బొమ్మను కోసే చెయ్యి

1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. ఆ మంటను కోనసీమ అంతా చూసింది. అది పుట్టిన పొరల తీరు మాత్రం నిపుణులకే తెలుసు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల కిందనున్న కృష్ణా-గోదావరి బేసిన్‌ను ఓఎన్‌జీసీ దశాబ్దాలుగా భూకంప తరంగాల పద్ధతిలో సర్వే చేస్తోంది. నేలలోకి పంపిన తరంగం ఒక్కో రాతిపొరను తాకి తిరిగివచ్చే సమయాన్ని బట్టి కంప్యూటర్లో త్రిమితీయ దిమ్మె తయారవుతుంది. పొడవు, వెడల్పు, లోతుల్లో వెయ్యేసి బిందువులు తీసుకుంటేనే వంద కోట్ల విలువలవుతాయి. మామూలు హెచ్‌డీ తెరకు పట్టేవి ఇరవై లక్షల చుక్కలు. వర్చువల్ రియాలిటీ కళ్లజోడు పెట్టుకుని ఆ దిమ్మెలోకే వెళ్లవచ్చంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అక్కడ అర్థమయ్యేది ఎంతన్నది కళ్లజోడు కన్నా చేతికిచ్చిన పనిముట్టు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

దట్టమైన కొబ్బరితోటలో ముందు వరస మానులు వెనక వరసలను మూసేసినట్టే ఈ దిమ్మెలో పై విలువలు లోపలివాటిని మూసేస్తాయి. తోటలోనైతే నాలుగడుగులు పక్కకు వేస్తే సందు దొరుకుతుంది, దిమ్మెలో ఆ సందు కూడా ఉండదు. ఏదో ఒకటి తీసేస్తే తప్ప ఇంకొకటి కనబడదు. అందుకే చేత్తో పట్టుకుని తిప్పే కోతపలక, దాని వెనకనున్నది మాత్రమే చూపే కటకం, అక్కర్లేని విలువలను పారదర్శకం చేసే పద్ధతి వచ్చాయి. చేతికి అందని దూరానికీ పనిముట్లు వచ్చాయి. వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1995లో వర్చువల్ లోకం మొత్తాన్ని అరచేతిలో బుల్లి నమూనాగా పెట్టారు. 1996లో వచ్చిన గోగో పద్ధతిలో కొంత దూరం దాటాక బొమ్మ చెయ్యి అసలు చేతికన్నా వేగంగా సాగి, అందనిదాన్ని అందుకుంటుంది.

చదునైన తెర మీద నిలువుకోతలు చూస్తూనే భూగర్భ శాస్త్రవేత్తలు ఇన్ని బావులు కనుక్కున్నారు కదా, ఇదంతా దేనికని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొలతకు ఆ కోత ఎప్పటికీ కావాలి. అయితే ఒక భ్రంశం (రాతిపొరలు తెగి జారిన చీలిక) పదుల కోతల గుండా వంకర తిరుగుతూ పోతుంటే దాని రూపాన్ని నిపుణుడు తలలోనే కూర్చుకోవాలి. కోతపలకను భ్రంశం వాలుకే తిప్పగలిగితే ఆ భారం తగ్గుతుంది. కళ్లజోడుతో కళ్లు తిరుగుతాయి, చేతులు నొప్పెడతాయి అన్న రెండో అభ్యంతరం కూడా నిజమే. కూర్చుని, ఒడి దగ్గరే చేతులు కదిపేలా పనిముట్టును రూపొందిస్తే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. అందమైన బొమ్మ అబద్ధాన్ని కూడా నమ్మిస్తుంది. పారదర్శకతను కాస్త మార్చితే అనుమానపు గీత గట్టి గోడలా కనబడుతుంది. కాబట్టి ఏం తీసేశారో, ఏది కొలత, ఏది ఊహ అన్నది బొమ్మ మీదే చెప్పని పనిముట్టును మంచి పనిముట్టు అనకూడదు.

ఈ షరతు నిపుణుల గదికే పరిమితం కారాదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలుడులో ప్రాణాలు పోగొట్టుకున్న సీమ ఇది. ఇక్కడ కొత్త బావి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, బావి దారినీ ఒత్తిడి ఉన్న పొరలనూ చూపే బొమ్మను ఊరివాళ్ల ముందు పెట్టాలి. కోతపలకను కూడా వాళ్ల చేతికే ఇవ్వాలి. సంస్థ ఎంచి చూపిన కోతను చూసి తలూపడం సమ్మతి అనిపించుకోదు. తమకు అనుమానమున్న చోట తామే కోసి చూశాక అడిగే ప్రశ్నకు సంస్థ జవాబు చెప్పి తీరాలి.