రాజ్య ధనము – పరరాజ్య ప్రభావము

ధనమునకు దేశము లేదనియు, లాభమున్న చోటికి అది నీటివలె ప్రవహించుననియు అర్థశాస్త్ర పాఠములలో మనము చదువుకొన్నాము. వ్యక్తుల ధనము విషయములో ఈ మాట కొంతవరకు నిజము కావచ్చును. కాని ధనమునకు యజమాని ఒక రాజ్యమే అయినప్పుడు, ఆ రాజ్యమునకు సైన్యము, రాయబారులు, మిత్రులు, శత్రువులు ఉన్నప్పుడు, ఆ ధనము కేవలము లాభము కొరకే సరిహద్దులు దాటుచున్నదని నమ్మవచ్చునా? నేటి ప్రపంచ రాజకీయములలో ఇది చిన్న ప్రశ్న కాదు.

చమురు, సహజవాయువు, ఎగుమతులు మొదలైన వానివలన వచ్చిన మిగులును ఖర్చు చేయక, ప్రభుత్వము దానిని వాటాలుగా, ఋణపత్రములుగా, భవనములుగా పెట్టుబడి పెట్టు ఏర్పాటును సార్వభౌమ సంపద నిధి అంటున్నారు. ఈ పేరు 2005లో పుట్టినదే అయినను పని పాతది. కువైట్ స్వాతంత్ర్యము పొందుటకు 8 సంవత్సరములు ముందే, 1953లో, లండనులో తన పెట్టుబడి మండలిని నెలకొల్పుకొన్నది. చమురు ఒకనాటికి అయిపోవును. దానిని తోడిన తరమే తినివేసినచో తరువాతి తరమునకు ఇసుక మాత్రమే మిగులును. ఈ దూరదృష్టితోనే 1976లో ఆ దేశము భావితరముల నిధిని స్థాపించి, ఏటా ప్రభుత్వాదాయములో 10 శాతము అందులో చేర్చు విధానమును ఏర్పరచుకొన్నది. ఉద్దేశము ప్రశంసనీయము. తండ్రి బిడ్డల కొరకు దాచుటలో తప్పేమున్నది? చిక్కు దాచుటలో లేదు, దాచిన చోటులో ఉన్నది. ఆ చోటు మరియొకరి ఇల్లు.

1987 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వము బ్రిటిష్ పెట్రోలియం కంపెనీలో తనకు మిగిలియున్న వాటాలను అమ్మకమునకు పెట్టినది. సరిగా అప్పుడే ప్రపంచ వాటాల విపణులు కుప్పకూలినవి. కొనువారు వెనుదీసిన ఆ సమయమున కువైట్ పెట్టుబడి కార్యాలయము కొనుచు పోయి, 1988 నాటికి కంపెనీలో 21.6 శాతమునకు అధిపతి అయినది. లండను ఉలిక్కిపడినది. స్వేచ్ఛా విపణిని వేదముగా భావించిన శ్రీమతి థాచర్ ప్రభుత్వమే విచారణ జరిపించి, ఆ వాటాను 9.9 శాతమునకు తగ్గించుకొనవలెనని ఆదేశించినది.

ఇందులోని చరిత్రను విద్యార్థులు గమనింపవలెను. ఒక అమెరికా కంపెనీతో కలిసి 1934లో కువైట్ చమురు కంపెనీని స్థాపించి, దశాబ్దములపాటు ఆ ఎడారి సంపదను అనుభవించినది ఈ బ్రిటిష్ కంపెనీయే. 1975లో గాని ఆ చమురు పూర్తిగా కువైట్ స్వంతము కాలేదు. ఒక దేశపు చమురును పరదేశ కంపెనీ ఏలినప్పుడు అది వ్యాపారము. ఆ కంపెనీలో ఐదవ వంతును ఆ దేశము కొనినప్పుడు అది ప్రమాదము! బ్రిటన్ భయమును నేను పూర్తిగా కాదనను. ఒక దేశమునకు ప్రాణాధారమైన పరిశ్రమ మరియొక రాజ్యము చేతిలోనికి పోవుట ఆలోచింపదగిన విషయమే. కాని అట్లు భయపడు హక్కు బలవంతునికి ఎంత ఉన్నదో బలహీనునికిని అంత ఉండవలెను.

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినవి. దేశము పోయినది గాని నిధి పోలేదు. విదేశములలో ఉన్న ఆ ధనముతోనే ప్రవాస ప్రభుత్వము నడిచినది. విముక్తి పిదప పునర్నిర్మాణమునకును అదే ఆసరా అయినది. ఆ రోజులలోనే లక్షకు మించిన భారతీయులు విమానములలో స్వదేశము చేరినారు. మా వీధిలోని ఒక మేస్త్రీగారు పదకొండేండ్ల కష్టార్జితమును అక్కడనే వదలి, ఒక్క చేతిసంచితో ఇల్లు చేరిన దినము నాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. రాజ్యమునకు లండనులో దాచుకొను తావు ఉన్నది. ఆ రాజ్యపు గోడలు కట్టిన వానికి లేదు. ఈ నిధుల బలమును గురించి ఏ పుస్తకమును నాకు ఇంత స్పష్టముగా చెప్పలేదు.

రక్షణకు ఉపకరించునదే ఒత్తిడికిని ఉపకరించును. మధ్య అమెరికాలోని కోస్టారికా 2007లో తైవానుతో దౌత్య సంబంధమును తెంచుకొని చైనాను గుర్తించినది. అందుకు ప్రతిగా, ఆ చిన్న దేశపు ఋణపత్రములను 30 కోట్ల డాలర్లకు కొనుటకు చైనా అంగీకరించినది. కొన్నది చైనా విదేశీ మారక నిల్వలను నడుపు ప్రభుత్వ సంస్థ. పేరునకు అది సంపద నిధి కాకపోయినను చేతిలోనిది రాజ్య ధనమే. సంగతి బయటికి పొక్కరాదని షరతు. అక్కడి ఒక దినపత్రిక పట్టువిడువక పోరాడగా, న్యాయస్థానపు ఆదేశముపై 2008లో పత్రములు వెలుగు చూచినవి. కొన్నది ఋణపత్రము, పొందినది గుర్తింపు. ఏ జమాఖర్చు పుస్తకములోను ఈ రెండవ పద్దు కనబడదు.

అయితే పెట్టుబడిని స్వీకరించు దేశములు చేయు ఆక్రోశములన్నియు నిజాయితీ గలవి కావు. 2006లో దుబాయి ప్రభుత్వపు రేవుల సంస్థ ఒక బ్రిటిష్ కంపెనీని కొనగా, ఆరు అమెరికా రేవులలోని కొన్ని పనులు దాని చేతికి వచ్చినవి. అమెరికా కాంగ్రెసు మండిపడినది. ఆ సంస్థ అక్కడి వ్యాపారమును వదలుకొనక తప్పలేదు. రెండేండ్లు తిరుగకముందే న్యూయార్కు బ్యాంకులు కష్టములో పడినవి. 2007 నవంబరులో సిటీ గ్రూపునకు అబుదాబీ నిధి 750 కోట్ల డాలర్లు, డిసెంబరులో మోర్గాన్ స్టాన్లీకి చైనా నిధి 500 కోట్ల డాలర్లు తెచ్చినప్పుడు ఏ ద్వారమును మూయబడలేదు. ఓడ దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య అను మన సామెతకు ఇంతకంటె ఉదాహరణ కావలెనా? 2008లో ఈ నిధుల నడవడికై శాంటియాగో సూత్రములను పేర 24 నియమములు రూపొందినవి. నియమములు మంచివే. కాని పాటించుట స్వచ్ఛందము. పాటింపని వానికి శిక్ష లేదు.

దాపరికము లేని నిధి మాత్రము రాజకీయములకు అతీతమా? కాదు. నార్వే 1990లో చట్టము చేసి, 1996లో తొలి జమ వేసిన నిధి, నేడు ప్రపంచ విపణులలో నమోదైన కంపెనీల వాటాలలో సగటున సుమారు 1.5 శాతమునకు యజమాని. నైతిక కారణములపై ఆ నిధి 2006లో వాల్‌మార్ట్ కంపెనీని, 2025లో కేటర్‌పిల్లర్ కంపెనీని వెలివేసినప్పుడు అమెరికా అధికారులు బహిరంగముగా ఆక్షేపించినారు. ఇదియును ప్రభావమే. తేడా ఒక్కటి ఉన్నది. ఏ కంపెనీలో ఎంత వాటా ఉన్నదో, ఎవరిని ఎందుకు వెలివేసినదో ఆ నిధి లోకమునకు చెప్పును. చెప్పినదానిని నిలదీయుటకు స్వదేశములో పార్లమెంటు ఉన్నది.

కనుక రాజ్య ధనములో రాజకీయము ఉన్నదా లేదా అను చర్చ వ్యర్థమని నా అభిప్రాయము. అది ఉండియే తీరును. అది వెలుగులో ఉన్నదా, చీకటిలో ఉన్నదా అన్నదే అడుగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. ఇట్టి నిధులు మన మౌలిక వసతులలో పెట్టు పెట్టుబడులకు 2020 ఆర్థిక చట్టము ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చినది. 2025 బడ్జెటులో ఆ గడువు 2030 వరకు పొడిగింపబడినది. హైదరాబాదు కేంద్రముగా సౌర, పవన విద్యుత్తును ఉత్పత్తి చేయు గ్రీన్‌కో సంస్థలో సింగపూరు ప్రభుత్వ నిధి పెద్ద వాటాదారుగా చేరినది. ఈ ధనము రావలదని నేను అనను. రోడ్లు, విద్యుత్తు మనకు కావలెను. అందుకు ఇరువది ముప్పది ఏండ్లు ఓర్పుతో నిలుచు ధనము కావలెను. కాని పన్ను మినహాయింపు అనగా ప్రజల సొమ్మును వదలుకొనుటయే. వదలుకొన్న వానికి లెక్క అడుగు హక్కు ఉండును. ఏ రాజ్యపు ధనము, ఏ షరతులపై, ఎంత ఓటు హక్కుతో వచ్చినదో చట్టసభల ముందు ఉంచవలెను.

షరతులు పెట్టినచో ధనము వేరొక వాకిలికి పోవునని కొందరి భయము. ఇది సగము సత్యము. ముప్పది ఏండ్ల లాభము కోరి వచ్చువానికి కూడ స్థిరమైన చట్టము, వివాదము లేని ఒప్పందము అవసరము. రహస్య ఒప్పందము ప్రభుత్వము మారిన మరునాడే తగవుగా మారవచ్చును. బహిరంగముగా కుదిరినదానికి ఇరువైపుల ప్రజలును సాక్షులు.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలో అమానత్ అను చక్కని మాట ఉన్నది. ఒకరు నమ్మి మరియొకరి చేతిలో ఉంచిన సొమ్ము అని దాని అర్థము. ఈ నిధులన్నియు ఇంకను పుట్టని బిడ్డల అమానత్. వారు లెక్క అడుగలేరు గనుకనే ఉన్నవారు అడుగవలెను. రేపు మీలో కొందరు బ్యాంకులలో, పత్రికలలో, ప్రభుత్వ కార్యాలయములలో కూర్చుందురు. మరికొందరు ఆ గల్ఫు దేశములకే పోవుదురు. ఒప్పందపు కాగితము మీ బల్లపైకి వచ్చిన దినమున, అందులో అంకె ఎంత పెద్దది అని మాత్రమే చూడవలదు. అందులో వ్రాయక విడిచినదేమని కూడ అడుగుడు.