ఏప్రిల్ చివరి శనివారం ఎవరిది?

ఈసారి సావనీరుకి లాక్రోస్ గురించి రాస్తానంటే మా సంపాదకవర్గంలో ఒకరు నవ్వారు. "ఉగాది పచ్చడి గురించో, సంక్రాంతి ముగ్గుల గురించో రాయండి, ఇదేమిటండీ!" అన్నారు. పచ్చడి మీదా ముగ్గుల మీదా మనకి ఏటా రెండేసి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. మన పిల్లలు వసంతకాలమంతా వీపున కర్ర తగిలించుకుని తిరిగే ఆట గురించి మాత్రం ఒక్కటీ రాలేదు. పైగా మనలో చాలామంది ఇళ్ళు బాల్టిమోర్‌కీ కాలేజ్ పార్క్‌కీ మధ్యనే ఉన్నాయి. ఆ రెండు ఊళ్ళకీ మధ్య దూరం ముప్పై మైళ్ళు, కాస్త అటూ ఇటూ. ఒక చివర జాన్స్ హాప్కిన్స్, ఇంకో చివర మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం. ఈ రెండు జట్లూ మొదటిసారి తలపడింది 1895లో. ఇప్పటికి వందకు పైగా ఆటలు ఆడుకున్నాయి.

ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలూ, అమ్మమ్మలూ ఈ పేజీ తిరగేస్తారు కాబట్టి వారి కోసం నాలుగు ముక్కలు. కర్ర చివర చిన్న చిక్కం కట్టి ఉంటుంది. రబ్బరు బంతిని అందులో పట్టుకుని, ఊపుతూ, పరుగెడుతూ, ఎదుటివాళ్ళ గోల్లోకి విసరాలి. మగపిల్లల ఆటలో జట్టుకి పదిమంది. ఒకరి కర్రని ఒకరు కొట్టవచ్చు, భుజంతో గుద్దవచ్చు కూడా. చూసే తల్లులకి గుండె దడ. ఇది తెల్లవాళ్ళు కనిపెట్టిన ఆట కాదు. హొడెనొషోనీ వంటి ఇక్కడి మూలవాసుల ఆట, వాళ్ళకి పవిత్రమైన ఆట. మేరీల్యాండ్ రాష్ట్రానికి అధికార క్రీడ గుర్రాల మీద ఈటెలతో ఆడే జౌస్టింగ్ అంటే చాలామంది నమ్మరు. 2004లో దాని పక్కన లాక్రోస్‌ని అధికార జట్టు క్రీడగా చేర్చారు. 1928, 1932 ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా లాక్రోస్ ఆడినప్పుడు అమెరికా తరఫున వెళ్ళింది హాప్కిన్స్ జట్టే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్ మళ్ళీ వస్తోంది, మన క్రికెట్‌తో పాటే. కాబట్టి మామయ్యలూ, ఆ ఏడాది ఇంట్లో టీవీ కోసం తగువులాట తప్పదు.

అసలు విషయానికొస్తాను. ఈ పోటీలో నన్ను ఆకట్టుకునేది గోల్స్ కన్నా ఆట తేదీ. ఏ ఆట ఎప్పుడు పెడతారు, ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు అన్నది చూస్తే చాలా సంగతులు బోధపడతాయి.

హాప్కిన్స్ మిగతా ఆటల్లో చిన్న కాలేజీల మధ్య మూడో డివిజన్లో ఆడుతుంది. లాక్రోస్‌లో మాత్రం మొదటి డివిజన్. అందులోనూ 2014 సీజన్ దాకా మగపిల్లల జట్టు ఏ కాన్ఫరెన్సులోనూ చేరకుండా ఒంటరిగానే ఉండేది. ఎవరితో ఎప్పుడు ఆడాలో తానే మాట్లాడుకునేది. మార్చిలో ప్రిన్స్‌టన్, సిరక్యూస్, వర్జీనియా. ఏప్రిల్‌లో మేరీల్యాండ్, నేవీ. అందరూ అయ్యాక చివర్లో లయోలా. ఎవరి పెళ్ళి ఎప్పుడో, ఏ జాతర ఎప్పుడో మన ఊళ్ళో పెద్దవాళ్ళకి నోటికి ఉన్నట్టే బాల్టిమోర్‌లో పాతవాళ్ళకి ఈ వరస నోటికి ఉండేది.

దాన్ని కదిలించింది లాక్రోస్ కాదు, ఫుట్‌బాల్. 2012లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం డబ్బు చాలక ఏడు క్రీడాజట్లని రద్దు చేసింది. అదే ఏడాది నవంబరులో ఏసీసీ అనే తన పాత కాన్ఫరెన్సు వదిలి బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు ప్రకటించింది. అక్కడ టీవీ డబ్బు ఎక్కువ. పేరుకి పది గాని, బిగ్ టెన్‌లో ఇప్పుడు పద్ధెనిమిది విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. లెక్కల మాస్టార్లు క్షమించాలి. 2014లో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. దాంతో వర్జీనియా, నార్త్ కరోలినా, డ్యూక్‌లతో మేరీల్యాండ్ లాక్రోస్ జట్టు ఏటా ఆడే ఆటలకి ఉన్న హామీ పోయింది. ఒక ఆట వల్ల డబ్బు వస్తుంది, ఇంకో ఆట క్యాలెండర్ చెదిరిపోతుంది. ఆ క్యాలెండర్ చెదిరిన పిల్లల్ని ఎవరూ అడగరు.

హాప్కిన్స్‌కి కూడా అప్పుడే ఇరకాటం వచ్చింది. జాతీయ టోర్నమెంటు 1971లో మొదలైంది. 1972 నుంచి 2012 దాకా ఒక్క ఏడాదీ తప్పకుండా ఆడిన జట్టుకి 2013లో చోటు దక్కలేదు. కాన్ఫరెన్సులో ఉన్నవాళ్ళకి అది గెలిస్తే టోర్నమెంటులో నేరుగా చోటు ఉంటుంది, ఒంటరి జట్టుకి ఆ దారి లేదు. అలా దారి దొరకాలంటే కాన్ఫరెన్సులో కనీసం ఆరు జట్లు ఉండాలి. బిగ్ టెన్‌లో మేరీల్యాండ్, రట్గర్స్ వచ్చి చేరినా పెన్ స్టేట్, ఒహాయో స్టేట్, మిషిగన్‌తో కలిపి ఐదే అయ్యాయి. ఆరోది హాప్కిన్స్. ఒక్క లాక్రోస్ కోసమే సభ్యత్వం తీసుకుని 2015 సీజన్ నుంచి ఆడుతోంది. ఇద్దరి అవసరమూ కలిసింది. మేరీల్యాండ్‌తో ఆట స్నేహం మీద నడిచే ఏర్పాటు కాకుండా ఏటా ఆడి తీరవలసిన ఆట అయింది. గెలిచినవాళ్ళకి చెక్కతో చేసిన పీత బహుమతి. మన చీసపీక్ తీరానికి పీత కన్నా తగిన బహుమతి ఏముంటుంది!

దాన్ని ఎక్కువ ఏళ్ళు ఏప్రిల్ చివర, రెగ్యులర్ సీజన్ ముగిసే వేళకే పెట్టారు. ఇది తెలివైన పని అని నా అభిప్రాయం. సీజన్ చివర్లో ఆట పెడితే దానికి విలువ వస్తుంది. అప్పటికి ఎవరి బలం ఏమిటో తేలిపోతుంది, మే నెల టోర్నమెంటులో ఎవరు ఉంటారో ఎవరు ఇంటికెళ్తారో ఆ ఆట మీద ఆధారపడవచ్చు. ఎండ ఉంటుంది, గడ్డి పచ్చగా ఉంటుంది, పసిపిల్లల్ని కూడా తీసుకెళ్ళవచ్చు.

ఇదంతా ఒకవైపు. మరోవైపు లయోలా సంగతి చూడండి. హాప్కిన్స్, లయోలా రెండూ బాల్టిమోర్‌లో ఒకే చార్లెస్ స్ట్రీట్ మీద ఉన్నాయి, కావాలంటే నడిచి వెళ్ళవచ్చు. వాళ్ళ పోటీకి "చార్లెస్ స్ట్రీట్ ఊచకోత" అని ముద్దుపేరు. 2012 ఏప్రిల్ చివర్లో ఒక్క ఓటమీ లేకుండా వచ్చిన లయోలాని హాప్కిన్స్ అదనపు సమయంలో 10-9తో ఓడించింది. ఆ ఏడాది లయోలా జాతీయ ఛాంపియన్ అయింది. పంతొమ్మిది ఆటల్లో వాళ్ళు ఓడింది ఆ ఒక్కటే, అదీ ఇరుగింటివాళ్ళ చేతిలో. అలాంటి ఆట! కాన్ఫరెన్సులు వచ్చాక ఏప్రిల్ అంతా కాన్ఫరెన్సు ఆటలకే సరిపోయి, దీన్ని తీసుకెళ్ళి సీజన్ మొదట్లో, ఫిబ్రవరి చలిలో పడేశారు. జట్లు అప్పటికి ఇంకా కుదురుకోవు. చూసేవాళ్ళు దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. 2021లో కోవిడ్ వల్ల బిగ్ టెన్ జట్లు తమలో తాము రెండేసిసార్లు ఆడుకుని ఊరుకున్నాయి కాబట్టి ఆ ఏడు ఆ ఫిబ్రవరి ఆట కూడా లేదు. హాప్కిన్స్, మేరీల్యాండ్ మాత్రం కాన్ఫరెన్సు ఫైనల్‌తో కలిపి మూడుసార్లు తలపడ్డాయి. ఒక పొరుగువాడికి విందు భోజనం, ఇంకో పొరుగువాడికి ఖాళీ విస్తరి.

లయోలా ఆటని మళ్ళీ ఏప్రిల్‌కి తేవాలి అని నేను అంటాను. శనివారం కుదరకపోతే మంగళవారం సాయంత్రం పెట్టండి. బస్సు అక్కర్లేదు, హోటల్ అక్కర్లేదు. కోచ్‌లు ఒప్పుకోరని తెలుసు. కాన్ఫరెన్సు టోర్నమెంటుకి ముందు కుర్రాళ్ళు అలిసిపోతారు, దెబ్బలు తగులుతాయి, సెమిస్టరు పరీక్షలు దగ్గరపడతాయి అంటారు. అందులో నిజం లేకపోలేదు, ముఖ్యంగా పరీక్షల మాట. అయినా లయోలాతో చివర్లో ఆడుతూనే హాప్కిన్స్ 2005లో, 2007లో జాతీయ ఛాంపియన్ అయింది. కాళ్ళు అప్పుడు లేని నొప్పి ఇప్పుడు వచ్చిందా? మేరీల్యాండ్ ఆట విషయంలో నా కోరిక ఇంకా చిన్నది. ఏప్రిల్ చివరి శనివారం, పగటిపూట, ఏటా అదే వేళకి. టీవీవాళ్ళ ఖాళీని బట్టి వేళ మారుతూ పోతే, రాత్రి ఎనిమిదికి మొదలయ్యే ఆటకి తొమ్మిదేళ్ళ పిల్లని ఎవరు తీసుకెళ్తారు? రేపు టిక్కెట్టు కొనేది, కర్ర పట్టేది ఆ పిల్లే కదా.

ఇంతకీ మన బడికి దీనితో ఏమిటి సంబంధం అంటారా? ఆ ఏప్రిల్ చివరి శనివారమే మనం వార్షికోత్సవం పెట్టుకుంటాం. హైస్కూలు ఆడిటోరియం మనకి ఆ రోజే దొరుకుతుందన్నది మామూలుగా చెప్పే కారణం. కాలేజీ ఆట ఒక్కటే కాదు, పిల్లల సొంత కౌంటీ లీగు ఆటలు కూడా ఏప్రిల్, మే శనివారాల్లోనే. పోయినసారి మా వరసలో కూర్చున్న ఒక కుర్రాడు పంచె కింద లాక్రోస్ నిక్కరు వేసుకుని వచ్చాడు. శతక పద్యం తడుముకోకుండా చెప్పి, దండం పెట్టి, చప్పట్లు ఆగకముందే వెనక తలుపులోంచి కారు దగ్గరికి పరుగెత్తాడు. అందరం నవ్వుకున్నాం. రెండు నెలలు ఆ పద్యం నేర్పిన టీచరుగారు నవ్వలేదు. తరవాతి నాటికలో వాడికి నాలుగు మాటలున్నాయి, అవి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

ఇంకా బాధ కలిగించే లెక్క ఒకటుంది. ఐదో తరగతి దాటిన మగపిల్లలు మన బడిలో వసంతకాలంలోనే తగ్గిపోతారు. హాజరుపట్టీ చూసిన టీచర్లందరికీ తెలుసు. సెప్టెంబరులో పదిమంది ఉన్న తరగతి మార్చి దాటేసరికి ఆరుగురు, తరవాత ఏడు వాళ్ళూ చేరరు. గుణింతాలు వచ్చి, ఒత్తులు దాకా వచ్చి, చిన్న కథ చదవబోయే ముందు ఆగిపోతారు. వాళ్ళకి తెలుగంటే విసుగు వచ్చిందని మనం అనేసుకుంటాం. కొందరికి వచ్చి ఉండవచ్చు. చాలామంది విషయంలో మాత్రం రెండు గంటలకి తెలుగు, రెండున్నరకి ఆట. అంతే సంగతి.

దీని మీద కార్యవర్గంలో ఒక పెద్దాయన నాతో గట్టిగానే వాదించారు. "ఆటల కోసం భాషని పక్కకి జరపమంటావా బాబూ? రేపు పుట్టినరోజు పార్టీల కోసం జరపమంటారు, ఎల్లుండి వీడియో గేముల కోసం" అన్నారు. పాతికేళ్ళుగా సొంత డబ్బు పెట్టి ఈ బడి నడిపిన మనిషి, ఆయన మాట తీసిపారేసేది కాదు. అయితే జరపడం వేరు, పక్కన పెట్టడం వేరు అని నా మనవి. లయోలా ఆటని ఫిబ్రవరిలోకి నెట్టడం పక్కన పెట్టడం. మేరీల్యాండ్ ఆట కోసం హాప్కిన్స్ మిగతా వరసంతా సర్దుకోవడం జరపడం. మన తెలుగు తరగతి ఇప్పుడు శనివారం మధ్యాహ్నం ఉంది, అంటే పిల్లవాడి వారంలో అన్నీ అయిపోగా మిగిలిన రెండు గంటలు. దాన్ని కదలనివ్వకుండా కాపాడుతున్నామని మనం అనుకుంటున్నాం. ఇది కాపాడవలసిన చోటు కాదు. మార్చి నుంచి మే దాకా పై తరగతుల్ని శుక్రవారం సాయంత్రానికి మార్చి చూద్దాం. శుక్రవారం అలసట ఉంటుంది, తల్లిదండ్రులకి ట్రాఫిక్ ఉంటుంది, ఒప్పుకుంటాను. ఒక్క వసంతం చేసి హాజరుపట్టీ చూద్దాం.

వార్షికోత్సవం మాట కూడా చెప్పి ముగిస్తాను. ఉగాది మార్చి చివరో ఏప్రిల్ మొదట్లోనో వస్తుంది. దానికి దగ్గరగా పెట్టుకుంటే పండగకి పండగ, వేడుకకి వేడుక. కాలేజీవాళ్ళు ఆటల పట్టిక సీజన్ మొదలవకముందే విడుదల చేస్తారు. ఆడిటోరియానికి అర్జీ పెట్టేటప్పుడు ఒక్క తేదీ కాకుండా రెండు తేదీలు రాసి, పట్టిక చూశాక ఒకటి ఖాయం చేసుకుంటే సరిపోతుంది. కౌంటీ లీగు పట్టిక తెచ్చే పని నాకు అప్పగించండి. ఏప్రిల్ చివరి శనివారం ఖాళీ అయితే, బడి తరఫున ఒక ఇరవై టిక్కెట్లు తీసుకుందామని కూడా అడుగుతున్నాను. పులిహోర పొట్లాలు లోపలికి రానివ్వరేమో గాని, పార్కింగులో తినడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఏ జట్టు వైపు కేకలు వెయ్యాలన్నది మాత్రం కార్యవర్గం నిర్ణయించకూడదు. మా ఇంట్లోనే చెరో జట్టు.