సబర్ వేరు, దాచుకోవడం వేరు



నాలుగు నెలలుగా నేను ఒక్క అక్షరం రాయలేదు. మీలో చాలామంది ఖైరియత్ అడిగారు. కొందరికి "తబియత్ కాస్త బాగాలేదు" అని జవాబిచ్చాను. కొందరికి బడిలో పరీక్షల హడావిడి అని చెప్పాను. అది ఝూట్. మాఫ్ చేయండి. ఈ రోజు ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నేను చెబుతుంటే టైపు చేస్తున్నది మా బేటీ.

నాకు షుగర్ ఉంది. ఇప్పటిది కాదు, ఆరేళ్లుగా ఉంది. మా ఆయనకూ ఇద్దరు పిల్లలకూ తప్ప ఎవరికీ తెలియదు. మా అత్తగారికి తెలియదు, నందులకు తెలియదు, బడిలో నా పక్క కుర్చీలో పదేళ్లుగా కూర్చునే టీచరుకు తెలియదు. మాత్రలు కుట్టుమిషన్ సొరుగులో దారపు రీళ్ల కింద దాచేదాన్ని. ఇంటికి మెహమాన్లు వచ్చి వారం ఉంటే ఆ వారం మాత్రలు బంద్. రంజాన్ వస్తే నెలంతా బంద్.

నాలుగు నెలల క్రితం ఫజర్‌కు లేచి వజూ చేస్తున్నాను. కుడి కంటికి అడ్డంగా ఎర్రటి పొగ కమ్మినట్టయింది. నొప్పి లేదు, మంట లేదు. కడుక్కుంటే పోతుందనుకుని ఇంకో నాలుగు చెంబులు చల్లుకున్నాను. పోలేదు. మధ్యాహ్నానికి ఆ కంటితో చూస్తే మా ఆయన మొహం కూడా ఆనలేదు.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. షుగర్ వల్ల కంటి వెనకపొరలో రక్తనాళాలు పాడై, పగిలి, లోపల రక్తం చేరిందని చెప్పింది. "ఈ ఆరేళ్లలో ఒక్కసారైనా కంటి వెనక భాగం చూపించుకున్నారా?" అని అడిగింది. లేదన్నాను. కళ్లజోడు నంబరు మాత్రం రెండుసార్లు మార్పించుకున్నాను. అక్షరాలు మసకబారితే వయసు అనుకున్నాను.

లేజర్ చేశారు. కంట్లోకి ఇంజెక్షన్లు ఇచ్చారు, ఇంకా ఇస్తున్నారు. అల్‌హందులిల్లాహ్, ఎడమ కన్ను నిలబడింది. కుడి కంటితో మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అది ఇక పూర్తిగా బాగుపడకపోవచ్చు. ఇదీ నా హాల్.

ఇక అసలు మాటకొస్తాను. ఎందుకు దాచాను?

పోయిన ఏడాది మా పాపకు ఒక రిష్తా వచ్చింది. మంచి ఖాందాన్. చాయ్ తాగుతూ అబ్బాయి వాళ్ల అమ్మీ మామూలుగానే అడిగింది, "మీ ఇంట్లో షుగర్, బీపీ లాంటివి ఎవరికైనా ఉన్నాయా?" నేను నవ్వుతూ, "అల్లాహ్ దయ వల్ల ఏమీ లేవమ్మా" అన్నాను. అల్లాహ్ పేరు పెట్టి మరీ ఝూట్ ఆడాను. ఆ రిష్తా వేరే కారణంతో కుదరలేదు. ఆ మాట మాత్రం నా నాలుక మీద ఉండిపోయింది.

ఇది నా ఒక్కదాని గలతీ అయితే ఇంత రాయక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేయించిన సర్వే 2023లో బయటికొచ్చింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర ఉన్నారనీ అందులో తేలింది. మరి మన దావత్‌లలో ఎవరికీ లేదెందుకు? వలీమాలో డబుల్ కా మీఠా వద్దన్నవాళ్లను ఎంతమందిని చూశారు? "పర్లేదు ఖాలా, ఒక్క చెంచా" అని మనం వడ్డిస్తాం. ఆమె తింటుంది. తినకపోతే అడుగుతారు, అడిగితే చెప్పాలి. చెప్పే కన్నా తినేయడం ఆసాన్.

అడిగితే మనవాళ్లు దీనికి ఒక అందమైన పేరు పెడతారు, సబర్ అని. "మా అమ్మీ ఎంత సబర్ ఉన్న మనిషి, చివరి దాకా ఎవరికీ చెప్పలేదు" అని జనాజా రోజు పొగుడుతారు. నేనూ పొగిడాను. ఇప్పుడు అడుగుతున్నాను, అది సబర్ ఎలా అవుతుంది? వచ్చిన కష్టాన్ని ఒప్పుకుని, చేయవలసింది చేస్తూ ఓర్చుకోవడం సబర్. నాలుగిళ్లవాళ్లు ఏమనుకుంటారోనని మాత్ర సొరుగులో దాచడం డర్. డర్‌కు సబర్ అని పేరు పెట్టి మన ఆడవాళ్లను మనమే ఆసుపత్రికి దూరం చేస్తున్నాం.

ఇంకొందరు తవక్కుల్ అంటారు. "ఇంగ్లీషు మందుల మీద ఉన్న భరోసా అల్లాహ్ మీద లేదా?" అని మా ఊళ్లో ఒక పెద్దాయన నా ముందే ఒక షుగర్ మరీజ్‌ను అడిగాడు. ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యి అన్న అర్థం వచ్చే హదీసు మన మక్తబ్ పిల్లలకు కూడా తెలుసు. ఆయన తన స్కూటర్‌కు రాత్రి తాళం వేస్తాడు. అక్కడ గుర్తున్న ఒంటె మందుల దగ్గర ఎందుకు మాయమవుతుంది?

మన జల్సాల్లో ఇబ్న్ సీనా పేరు చెప్పుకుంటాం, అర్‌రాజీ పేరు చెప్పుకుంటాం. కన్ను ఎలా చూస్తుందో వెయ్యేళ్ల కింద 'కితాబుల్ మనాజిర్'లో రాసిన ఇబ్న్ అల్ హైసమ్ పేరు చెప్పి ఛాతీ విరుచుకుంటాం. ఇంటికొచ్చాక మన అమ్మీ కళ్లు ఏడాదికి ఒకసారి చూపించడానికి మాత్రం ఫుర్సత్ ఉండదు.

ఇప్పటిదాకా ఊరివాళ్లను అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవాలి.

నా పాత పాఠకులకు యాద్ ఉంటుంది. షుగర్ బయటపడిన మరుసటి ఏడాది 'మా ఖాలా కలోంజీ' అని ఒక వ్యాసం రాశాను. పొద్దున్నే కలోంజీ, మెంతులు నానబెట్టిన నీళ్లు తాగి మా ఖాలా షుగర్ తగ్గించుకుందని రాశాను. నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది అదే. వాట్సాప్‌లో నా పేరు తీసేసి మరీ తిరిగింది, తిరిగి నాకే వచ్చింది. అందులో నేను రాయని సంగతి ఒకటుంది. ఖాలా ఆ నీళ్లతో పాటు రెండు పూటలా మాత్రలు వేసుకునేది. నాకు తెలుసు. కథ అందంగా ఉండదని వదిలేశాను.

రెండేళ్ల తర్వాత ఒక చెల్లి ఉత్తరం రాసింది. వాళ్ల అబ్బాజాన్ నా వ్యాసం చదివి మందులు మానేశారట. కాలికి పుండు పడి, రెండు వేళ్లు తీసేశారట. ఆమె నన్ను తిట్టలేదు. "మీరు రాశారు కదా అని నమ్మారు ఆపా" అంది, అంతే. నేను జవాబివ్వలేదు. ఆ వ్యాసమూ తీయలేదు. అదే నీళ్లు నేనూ తాగుతూ ఉన్నాను.

కలోంజీ గురించి హదీసు ఉంది. దాన్ని కాదనే దాన్ని కాను. కానీ కలోంజీ తిన్నాక డాక్టరు ఇచ్చిన మందు పారేయమని అందులో లేదు. అది మనం కలిపిన మాట, నేనూ కలిపాను. కలోంజీ, మెంతులు వంటింట్లో ఉండనివ్వండి, మందుల డబ్బాలోని మాత్రలు తీసేసి వాటిని పెట్టకండి. ఆ వ్యాసం ఈ రోజుతో రద్దు. మీ ఫోన్లలో ఎక్కడైనా ఉంటే చెరిపేయండి. ఎవరికి పంపారో వాళ్లకు ఇది పంపండి. ఆ చెల్లీ, ఇది చదువుతుంటే, మీ అబ్బాజాన్ చేతులు పట్టుకుని మాఫీ అడగాలని ఉంది. రానిస్తే వస్తాను.

రంజాన్ సంగతి కూడా చెప్పాలి. బీమార్ మనిషికి రోజా విషయంలో సడలింపు ఇచ్చింది ఏ డాక్టరో కాదు, ఖురాన్. సూరె బఖరా 184, 185 ఆయతులు చూడండి. తర్వాత రోజుల్లో ఖజా చేసుకోవచ్చు. అసలే చేయలేనివాళ్లకు ఫిద్యా ఉంది. షుగర్ ఉన్నవాళ్లంతా రోజా మానాలని నేను అనడం లేదు. ఎవరు ఉండొచ్చు, ఎవరికి ప్రమాదమో రంజాన్‌కు రెండు నెలల ముందే డాక్టరును అడగాలి. రోజాలో ఉండగా వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా విరగదని ఉలమా చెబుతున్నారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజుకు రోజా విప్పేయమని డాక్టర్లు చెబుతున్నారు. ఇంత చెప్పినా మనం మానం. ఎందుకంటే పగటిపూట మన చేతిలో నీళ్ల గ్లాసు చూసిన మొహల్లా ఏమంటుందోనన్న భయం పెద్దది. అల్లాహ్ ఇచ్చిన రుఖ్‌సత్‌ను మొహల్లా లాక్కుంటోంది. అలా లాక్కునే హక్ మొహల్లాకు ఎవరిచ్చారు?

"నీకు నెల జీతం వస్తుంది, మాట్లాడతావు" అని మీరనొచ్చు. నిజమే. రోజు కూలీ మానుకుని లైన్లో నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. మన మాట పూర్తిగా వినకుండానే కసిరే డాక్టర్లున్నారు, అదీ తెలుసు. అయినా 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు. హైదరాబాద్ మెహదీపట్నంలో ఉన్న సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే. డబ్బు లేక ఆగిపోయినవాళ్ల మీద నాకు కోపం లేదు. నా కోపం నాలాంటివాళ్ల మీద. డబ్బుండి, చదువుండి, ఇజ్జత్ కోసం కన్ను పోగొట్టుకున్నవాళ్ల మీద.

ఇది రాయాలని నిర్ణయించుకున్న రోజు మా పాపను అడిగాను, "నీ రిష్తాలకు అడ్డం అవుతుందేమో బేటా" అని. "నీకు షుగర్ ఉందని పోయే రిష్తా పోనీ అమ్మీ. రేపు నాకొస్తే వాళ్లింట్లో నేనూ కుట్టుమిషన్ సొరుగులోనే దాచుకోవాలా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. (ఈ మాట టైపు చేయనంది. నేనే పట్టుబట్టి చేయించాను.)

ఇక ముందు పనులు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో నా అంకె మొదట 11.2 ఉండేది, ఇప్పుడు 7.6కు వచ్చింది. రోజుకు అరగంటకు మించి అక్షరాల మీద కళ్లు పెట్టొద్దన్నారు. కాబట్టి ఇక నెలకు ఒక్క వ్యాసమే. నానీ చెప్పిన కహానీల కితాబ్ సగంలో ఉంది. మిగతావి నా గొంతుతో చెప్పి రికార్డు చేస్తాను, పాప రాసిపెడుతుంది. గుంటూరు వైపు మన ఇళ్లలో అమ్మీలు, నానీలు వంటింట్లో మాట్లాడే మాటల పట్టిక ఏడాది ఆలస్యమవుతుంది, ఇన్షా అల్లాహ్. వచ్చే రంజాన్‌కు ముందు బీమారీ, రోజా గురించి మీ అనుభవాలతో నాలుగు వ్యాసాలు వేస్తాను. మీవి రాసి పంపండి. పేరు వద్దంటే వేయను. కానీ ఇంట్లోవాళ్లకు మాత్రం పేరు పెట్టి చెప్పండి.

మాత్రల డబ్బా ఇప్పుడు మా హాల్లో గడియారం కింద ఉంది. మా అత్తగారు మొదటి రోజు చూసి ఏమీ అనలేదు. రెండో రోజు రాత్రి తన గదిలోంచి ఒక చిన్న సంచీ తెచ్చి దాని పక్కన పెట్టారు. అందులోనూ షుగర్ మాత్రలే. ఎనిమిదేళ్లుగా వేసుకుంటున్నారట. ఒకే ఇంట్లో, ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటూ ఇద్దరం ఒకరికొకరం దాచుకున్నాం. పోయిన వారం ఆమె కళ్లు కూడా చూపించాం. మొదటి దశలోనే ఉంది, కాపాడుకోవచ్చన్నారు.

నా కోసం దువా చేయండి. చేసి, రేపు పరగడుపున మీరు, మీ అమ్మీ, మీ అత్తగారు కలిసి వెళ్లి షుగర్ చూపించుకోండి.

ఖుదా హాఫిజ్.