సిగ్నల్ అవతలి చరిత్ర

నేను అమెరికాలో దిగిన రోజు, ఎయిర్‌పోర్టు నుంచి రూముకి తీసుకెళ్తూ సీనియర్ చెప్పిన మొదటి జాగ్రత్త: "ఆ సిగ్నల్ దాటితే నల్లోళ్ల ఏరియా. చీకటి పడ్డాక అటు పోకు." అప్పటికి నేనింకా సిమ్ కార్డు కూడా కొనుక్కోలేదు. రెండో సెమిస్టర్‌లో ఆఫ్రికన్ డయాస్పొరా మీద ఒక కోర్సు తీసుకుంటానంటే నాన్న ఫోన్లో అన్న మాట: "వాళ్ల చరిత్ర మనకెందుకురా? లక్షలు అప్పు చేసి పంపింది ఇందుకేనా?"

అప్పు భయాన్ని నేను తప్పుపట్టను. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, లెక్కలు) డిగ్రీ అయితే ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసే అనుమతి, మూడేళ్ల దాకా దొరుకుతుంది, మిగతా వాటికి ఒక్క ఏడాదే. కిస్తీలు కట్టాల్సిన ఇంట్లో అది పెద్ద తేడా. అందుకే డిగ్రీ మార్చుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ "మనకు సంబంధం లేదు" అనే మాటను మాత్రం ఒప్పుకోను.

అసలు మనం అమెరికాకు ఎలా వెళ్లగలిగాం? 1946 చట్టం భారతీయులకిచ్చిన వలస కోటా ఏడాదికి సుమారు 100 మందికి. దేశాన్ని బట్టి మనుషుల్ని తూచే ఆ పద్ధతిని 1965 అక్టోబరులో వచ్చిన వలస చట్టం తీసేసింది. అంతకు రెండు నెలల ముందే ఓటు హక్కు చట్టం, ముందటి ఏడాది పౌర హక్కుల చట్టం వచ్చాయి. పుట్టుకను బట్టి మనిషిని వేరు చేయడం తప్పని ఆ దేశం చేత ఒప్పించడానికి బర్మింగ్‌హామ్‌లో పోలీసు కుక్కలకు, సెల్మాలో లాఠీలకు ఎదురు నిలిచింది నల్లజాతి ప్రజలు. మన వీసాల వెనక వాళ్ల గాయాలున్నాయి.

నల్లజాతి చరిత్ర చెప్పే ఈ చదువు కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు సమ్మెకు దిగారు. ఆసియా, లాటిన్ సంతతి విద్యార్థులు వాళ్లతో కలిశారు. నాలుగు నెలలకు పైగా పట్టుబట్టి సాధించుకున్న చదువు ఇది. దాన్ని "ఈజీ గ్రేడ్ కోర్సు" అనడం అన్యాయం.

నల్లవాళ్లతో మన సంబంధం అమెరికాలో మొదలైందీ కాదు. 1830లలో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరకు తోటలకు బానిసలకు బదులు తీసుకెళ్లిన కూలీల్లో కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లున్నారు. హైదరాబాదులో మనం రోజూ పలికే ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా సంతతి అశ్వికదళం. బరాత్‌లో మర్ఫా డప్పులు మోగితే చిందేసే మనమే ఆ మోత ఎక్కడిదని అడగం.

నిజానికి, ఆ చదువుకు దూరంగా ఉన్న తెలుగు విద్యార్థి ఎవరూ లేరు. కారులో సీనియర్ నాకు చెప్పింది నల్లవాళ్ల గురించిన పాఠమే. ఆయనకు ఇంకో సీనియర్ చెప్పాడు. ప్రశ్నించే వీల్లేని ఆ పాఠానికి అందరూ తలూపుతారు. పుస్తకాలు ముందుపెట్టుకుని నేర్చుకుంటానంటేనే "మనకెందుకు" అంటారు.

నాన్న వద్దన్నా తీసుకున్న ఆ కోర్సులో మా ప్రొఫెసర్ ఒక పటం చూపించారు. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాలకు అలాంటి పటాలు గీయించి, నల్లవాళ్లుండే పేటలకు ఎర్ర రంగు వేసింది. అక్కడివాళ్లకు ఇంటి అప్పు పుట్టడం గగనమైంది. అప్పు దొరక్కపోతే ఒక పేట తరతరాలుగా ఏమవుతుందో, అప్పు దొరికి అమెరికా చేరిన నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఎయిర్‌పోర్టుకు కారు తీసుకెళ్లే సీనియర్‌ని నేనే. ఆ సిగ్నల్ దగ్గర నేను చెప్పేది ఆ పటం గురించే.