పాఠం దొరికింది, సందేహం తీర్చేదెవరు?

2011లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ తమ స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచింది 20 వేల పైచిలుకే. మిగతావాళ్లకు శ్రద్ధ లేదని తేల్చేయడం తేలికే, కానీ చిక్కు మరోచోట ఉంది. వీడియో పదిమంది చూసినా లక్షమంది చూసినా ఖర్చు పెద్దగా మారదు. కానీ ఒకరి తప్పు చూసి సరిదిద్దాలంటే ఒక మనిషి ఓ గంట కూర్చోవాలి. ఆ గంటకు జీతమిచ్చే స్థోమత ఉచిత కోర్సులకు సాధారణంగా ఉండదు.

2020 లాక్‌డౌన్ రోజుల్లో స్టాన్‌ఫర్డ్‌లోనే క్రిస్ పీచ్, మెహ్రాన్ సహామి ఆ గంటను విరాళంగా అడిగారు. ‘కోడ్ ఇన్ ప్లేస్’ పేరిట పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పే ఆ కోర్సులో 10 వేల మంది విద్యార్థులుంటే, 900 మందికి పైగా స్వచ్ఛంద బోధకులు ముందుకొచ్చారు. పది పన్నెండు మందికి ఒకరన్నమాట.

మొదటి పాఠాల్లో కారెల్ అనే తెరమీది రోబో ఉంటుంది. దానికి కదలడం, ఎడమకు తిరగడం, గడిలో ‘బీపర్’ అనే గుర్తు పెట్టడం, తీయడం మాత్రమే తెలుసు. కుడికి తిప్పాలంటే మూడుసార్లు ఎడమకు తిప్పుకోవాల్సిందే! వరుసలో ప్రతి గడిలోనూ బీపర్ పెట్టమంటే, ‘ఎదుట దారి ఉన్నంతసేపు బీపర్ పెట్టు, కదులు’ అని రాస్తారు కొత్తవాళ్లు. చివరి గడిలో ఎదురుగా గోడ; లూప్ ఆగిపోతుంది, ఆ గడి ఖాళీగా మిగులుతుంది. కంప్యూటర్ ఏ లోపమూ చూపదు. ‘ఇప్పుడు కారెల్ ఎక్కడుంది? ముందేముంది?’ అని పక్కనుండి అడిగేవాళ్లుంటే విద్యార్థే తప్పు పట్టుకుంటారు. జవాబు చెప్పేస్తే ఆ పూట గడుస్తుందంతే.

అయితే అది కొన్ని వారాల కోర్సు. బోధకులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, తమ చిన్న బృందంతో ఏం చేయించాలో ముందే చేతికిచ్చారు. ఏడాది పొడవునా సాగే బడి చదువుకు ఇంత వెసులుబాటు ఉండదు. ఉద్యోగం మారితే, ఇంట్లో పెళ్లి వస్తే స్వచ్ఛంద బోధకులు మానేస్తారు, తప్పు పట్టలేం.

ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల పల్లె బడులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఈ-విద్యాలోక సంస్థ ఈ చిక్కును ముందే గ్రహించినట్టుంది. తెలుగు పిల్లలకు తెలుగులోనే చెప్పే స్వచ్ఛంద బోధకులు ఎక్కడో నగరంలో ఉంటారు. తరగతి గదిలో మాత్రం స్థానిక సహాయకులు ఉంటారు. నెట్ పోయినా, వెనక బెంచీ పిల్లాడు దిక్కులు చూసినా గమనించేది వాళ్లే. నా దృష్టిలో ఈ పద్ధతి నిలబడేది వాళ్ల మీదే.

లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్న బడికి వారానికి రెండు ఆన్‌లైన్ గంటలు ఇచ్చి, భర్తీ ఫైలును అటకెక్కించే ప్రమాదమూ ఉంది. ఇలాంటి సంస్థలతో ఒప్పందం రాసుకునే విద్యాశాఖలు సహాయకుల జీతం ఎవరు భరిస్తారో, ఆ ఖాళీ ఎప్పటికి నింపుతారో అదే కాగితంలో రాయాలి.