రెండవ పుట తెరుచుకోనప్పుడు దోషం ఎవరిది?

"ఈ వెబ్‌సైటును ఫలానా బ్రౌజర్‌లోనే చూడవలెను" అనే ప్రకటన నేటికీ కొన్ని సంస్థల పుటలపై కనిపిస్తూనే ఉంది. వినయపూర్వకమైన సూచన వలె వినిపించినా, అది రచించినవాడు తన బాధ్యతను చదువరి నెత్తిన పెట్టడమేనని నా నిశ్చితాభిప్రాయం.

గ్రంథాలయపు పట్టికనే తీసుకుందాం. విద్యార్థి ఉర్దూ లిపిలో "గాలిబ్" అని వెదకుతాడు. మొదటి పుటలో పది గ్రంథాలు వస్తాయి. అడుగున ఉన్న "తరువాతి పుట" లింకును నొక్కితే ఒక బ్రౌజర్‌లో మరి పది గ్రంథాలు, వేరొక దానిలో శూన్యం! శూన్యం చూసినవాడు బ్రౌజర్‌ను శంకించడు. ఆ గ్రంథమే లేదని నమ్మి వెళ్ళిపోతాడు. అది ఉపకార వేతనాల జాబితా అయితే తన పేరే లేదనుకుంటాడు.

సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ వంటి స్క్రిప్టు ప్రతి పుటనూ కొత్తగా రచిస్తుంది. కావున వెదకిన మాట, కావలసిన పుట సంఖ్య సాధారణంగా లింకు చిరునామాలోనే ప్రయాణించాలి. మన లిపులు అక్కడ ఉన్నవి ఉన్నట్లుగా పోవు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరానికి రెండు బైట్లు, తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో కలిసి మూడు చిహ్నాలవుతుంది. ఉర్దూలో నాలుగక్షరాల "గాలిబ్" ఇట్లు 24 చిహ్నాలు. మన "వేమన" 36. స్క్రిప్టు ఈ మార్పు తాను చేయక పచ్చి మాటనే లింకులో పెడితే, పని బ్రౌజర్ దయకు వదిలినట్లే. ఆ పుట ఏ సంకేత పద్ధతిలో ఉన్నదో ప్రకటించకపోతే ఒక్కొక్క బ్రౌజర్ ఒక్కొక్క విధంగా ఊహిస్తుంది.

ఇది పాత రోగమే. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ 4 చిరునామాలో ఖాళీ కనిపిస్తే తడబడేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దానిని సవరించుకొని సాగిపోయేది. ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పరీక్షించినవాడు తన స్క్రిప్టు నిర్దోషమని మురిసిపోయేవాడు. & గుర్తు కథ మరీ విచిత్రం. దాని వెంట ఇంగ్లీషులో "సెక్షన్" అనే పదం వస్తే, కొన్ని పాత బ్రౌజర్లు అందులోని మొదటి నాలుగక్షరాలను § గుర్తుగా మార్చి చిరునామానే చెడగొట్టేవి. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో ఎక్స్‌ప్లోరర్‌కు స్వస్తి చెప్పింది. ఒకే బ్రౌజర్‌లో చూసి తృప్తిపడే అలవాటు మాత్రం పోలేదు. నేడు ఆ స్థానంలో క్రోమ్ కూర్చున్నది, అంతే.

కంప్యూటర్ శాస్త్రం చదివే మిత్రులు ఇట్టి చిక్కు వచ్చినప్పుడు ముందుగా స్క్రిప్టును తిరగరాయవద్దు. రెండు బ్రౌజర్లలోనూ ఆ లింకు చిరునామాను నకలు తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. భేదం అక్కడే బయటపడుతుంది. పీహెచ్‌పీలో ప్రతి విలువను యూఆర్ఎల్‌ఎన్‌కోడ్‌తోను, తయారైన లింకును హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్‌తోను శుద్ధి చేసి, ఉద్ధరణ చిహ్నాల నడుమ ఉంచితే చాలావరకు రోగం కుదురుతుంది. పుట సంఖ్యను ఉర్దూ అంకెలలోనో తెలుగు అంకెలలోనో చూపడం ముచ్చటైన పనే. కాని లింకు లోపల కూడా ఆ అంకెనే పెడితే, పీహెచ్‌పీ దానిని పూర్ణాంకంగా మార్చినప్పుడు సున్న వస్తుంది!

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. ఏ సాఫ్ట్‌వేరుకైనా సొమ్ము చెల్లించకముందు ఉర్దూ మాట ఒకటి, తెలుగు మాట ఒకటి వెదకించండి. క్రోమ్‌లోను, ఫైర్‌ఫాక్స్‌లోను, ఐఫోన్‌లోని సఫారీలోను రెండవ పుటకు, అక్కడి నుండి చివరి పుటకు వెళ్ళి, మరల మొదటికి వచ్చి చూడండి. పది నిమిషాల పని.