మోత సరే, దన్నేదీ?

మా అబ్బాయి తన స్పీడు కారుకు లావుపాటి సైలెన్సర్ వేయించుకొచ్చాడు. వీధంతా మోత! దానికైతే ఓర్చుకుందును గానీ, ఛాసిస్ అడుగున రెండు పక్కలనీ కలిపి పట్టి ఉంచే బ్రేస్ రాడ్డు డిక్కీలో కనిపించింది. 'కొత్త గొట్టానికి తగులుతోందమ్మా, విప్పేశాం' అన్నాడు మెకానిక్. మలుపుల్లో బండి మెలి తిరగకుండా బిగబట్టేది ఆ రాడ్డేనట మరి!

వేడికి గొట్టం సాగుతుంది, రబ్బరు పట్టీల మీద ఊగుతుంది. అంత ఖాళీ వదిలి, వంపున్న రాడ్డు బిగించాలి. కుదరదంటే పాత సైలెన్సరే మేలు. పైగా 2019 సవరణ ప్రకారం చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా ఉంది.

సరదాలకు డబ్బిచ్చే అమ్మలం, ఓసారి బండి కిందకూ తొంగిచూద్దాం. మోత కోసం దన్ను తీసేయించుకోవడం ఏం తెలివి, చెప్పండి?